చివర ఒక అంకె

సోహార్ రేవుకి ఇవతల, కార్మికుల క్యాంపు గేటు పక్కన
మూరెడు తెర.
దాని మీదికి మొహాలు రప్పించడం నా పని.

తెరకి మొహాలు తెలియవు.
తెలిసిందల్లా ఒక పిలుపు:
ముందు నేను పెట్టిన పేరు, ఒక గీత, ఆ తర్వాత మనిషి నంబరు.
ఆ పిలుపు అందరూ నడిచే దారిన పోదు.
ఫైళ్ళ అరల్లో వెతకదు, నెట్ గడప తొక్కదు.
తిన్నగా నా దగ్గరికే వస్తుంది,
నేను రాసిన నలభై వరసల దగ్గరికి.
"నాలుగువేల నూట పదిహేడు.
వెడల్పు రెండొందలు, ఎత్తు రెండొందల నలభై."
ఎందుకో చెప్పదు.
పెళ్ళివారింట కొట్టుగది తాళాలు
బొడ్లో దోపుకున్న మేనత్తలాగ
అడిగిందే తీస్తాను, అడిగినంతే కొలుస్తాను.

మొదటివారం ఎరుపునీ నీలాన్నీ తారుమారు చేశాను.
తెల్లవారుజామున నాలుగున్నర షిఫ్టుకి
క్యాంపు క్యాంపంతా కృష్ణ వేషం కట్టింది.
కాపలా జుమా టీ గ్లాసు కింద పెట్టి
ఒక్కో నీలి మొహాన్నీ చూసి చూసి
అవే బస్సుల్లోకి పంపాడు.
ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.
నాకు సిగ్గేసింది అందుకే.

తర్వాత తెర కొయ్యబారడం మొదలైంది.
మొహం అందేదాకా వెనక యాభైమంది ఉక్కలో.
ఆ మోత వేరే దారానికి అప్పజెప్పాను.
ఇప్పుడు తెర ఆగదు. కాకపోతే
అర సెకను పాటు మనిషి చోట బూడిదరంగు పలక.
ఆ అర సెకనులో అక్కడ ఎవరైనా ఉండొచ్చు.

గుండేటి లింబాద్రి తంటా వేరు.
కార్డు ఆనించగానే ఠక్కున వచ్చేది,
అందరికన్నా ముందు, బూడిద పలకైనా లేకుండా.
వచ్చినవాడికి ఇరవైనాలుగేళ్ళు. నిండు బుగ్గలు.
నిలబడ్డవాడికి కొలిమి వేడికి కనుబొమలు పలచబడ్డాయి.
జుమా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.
"తమ్ముడా?"
"గది నేనే. పదకొండేండ్ల కిందటి నేను."

ఫలజ్ అల్ ఖబైల్‌లో రెండు రియాళ్ళిచ్చి
కొత్త ఫోటో దిగొచ్చాడు అప్పటికే.
డేటాబేసులో కొత్తదే ఉంది. నా కళ్ళతో చూశాను.
నా నలభై వరసలూ సిద్ధంగానే ఉన్నాయి.
తెరే నన్ను అడగడం మానేసింది.
అదే పేరు, అదే నంబరు,
ఒకసారి తెచ్చుకున్నది మడిచి దాచుకుంది.
మళ్ళీ ఎందుకడుగుతుంది?

నన్నూ కొందరు అడగడం మానేశారు,
తమ దగ్గరున్న నేను చాలని.
సరే, అది ఈ టికెట్‌లో లేదు.

పిలుపు చివర ఒక అంకె తగిలించాను.
దానికి అర్థం లేదు.
నా దగ్గరికి రాగానే తొడిమలా తుంచి పారేస్తాను.
అది తెర కోసం:
ఇది వేరే పిలుపు, వెళ్ళి మళ్ళీ అడుగు, అని.

గురువారం. గాలి నిండా ఉప్పు.
లింబాద్రి కార్డు ఆనించాడు.
బూడిద పలక.
ఇంకా బూడిద పలక.
అప్పుడు వచ్చాడు, కనుబొమలు లేనివాడు,
స్టూడియో పౌడరు మెడ మీద ఆగిపోయినవాడు.
జుమా ఒక్కసారే చూసి "తఫద్దల్" అన్నాడు.

లింబాద్రి కదల్లేదు.
"పాతోడు ఏడికి పోయిండు బిడ్డా?"
"తీసేశా అన్నా."
"మంచిగనే చేసినవ్" అని
బస్సు హారన్ కొట్టినా ఇంకొంచెంసేపు తెర వైపే చూశాడు.

మధ్యాహ్నం గేటు నిర్మానుష్యం.
అంకె లేకుండా పాత పిలుపు పిలిచాను, ఊరికే.
నా దాకా రాలేదు ఆ పిలుపు.
తెరే తన మడతల్లోంచి తీసి ఇచ్చింది,
నిండు బుగ్గలవాణ్ణి, ఠక్కున.

వాడెవరని జుమా అడగలేదు.
రెండో గ్లాసు కడిగి టీ పోశాడు.